కణచిత్రములు, వాని వెనుకనున్న లెక్కలు

మెదడులోని నాడీకణములు ఒకదానితో నొకటి ఏ విధముగా అల్లుకొని యున్నవో కన్నులార చూడవలెనను కోరిక 1950వ దశకము నడుమ అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున పనిచేయుచుండిన మార్విన్ మిన్‌స్కీ యను యువకునకు కలిగెను. మెదడు ముక్కను సాధారణ సూక్ష్మదర్శిని క్రింద పెట్టినప్పుడు, మనము చూడగోరిన పొరనుండి వచ్చు వెలుతురుతోపాటు దానికి పైనను క్రిందను ఉన్న పొరలన్నిటినుండియు చెదరి వచ్చు వెలుతురు కూడ కంటిని చేరును; అక్కరలేని ఆ వెలుతురు అక్కరకు వచ్చుదానిని ముంచివేయును. మిన్‌స్కీ కనిపెట్టిన ఉపాయము మిక్కిలి సరళమైనది. నమూనా నంతటిని ఒక్కసారిగా వెలిగింపక, వెలుతురును ఒకే బిందువుమీద కేంద్రీకరించి, ఆ బిందువునుండి తిరిగివచ్చు కిరణములు మాత్రమే దాటిపోవునట్లు ఒక సూదిబెజ్జమును అడ్డుపెట్టినచో, ఇతర పొరల వెలుతురు దాదాపుగ నంతయు ఆ బెజ్జము వెలుపలనే ఆగిపోవును. ఇట్లు బిందువు వెంబడి బిందువును చూచుచు పోయి, వాని నన్నిటిని కూర్చినచో ఒక పలుచని పొర యొక్క నిర్మలమైన చిత్రము సిద్ధించును. ఆయన 1957లో దీనికి పేటెంటు కోరగా 1961లో అది లభించెను. దీనినే నేడు కాన్‌ఫోకల్ సూక్ష్మదర్శిని యందురు.

మిన్‌స్కీ పేటెంటు కోరిన నాటికి లేజరు ఇంకను పుట్టలేదు. ఆయన కిరణమును కదల్పక నమూనానే కదల్చి, వచ్చిన సంకేతమును సైన్యము వాడి వదలిన రాడారు తెరమీద చూచుకొనెను. ఆ చిత్రమును అంకెలుగా మార్చి దాచుకొనుటకు తగిన కంప్యూటరు ఆయన చేతిలో లేకపోయెను. కావుననే ఈ యంత్రము ముప్పది యేండ్లు దాదాపు మరుగున పడియుండెను. 1987లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నగరమున, వైద్య పరిశోధన మండలికి చెందిన అణుజీవశాస్త్ర ప్రయోగశాలలో జాన్ వైట్, బ్రాడ్ ఏమస్, మిక్ ఫోర్డ్‌హామ్ అను మువ్వురు, లేజరు కిరణమును అద్దములతో నడపుచు, వచ్చిన వెలుతురును కంప్యూటరులో భద్రపరచు యంత్రముతో తీసిన కణచిత్రములను ప్రకటించిన పిమ్మటనే జీవశాస్త్రజ్ఞులు దీనివైపు తిరిగిరి. 1994లో మార్టిన్ చాల్ఫీ బృందము జెల్లీచేపనుండి తీసిన ఆకుపచ్చని ప్రకాశము గల ప్రోటీనును ఇతర జీవులలో వెలిగించి చూపుటతో, బ్రతికియున్న కణమునందే ఒక్కొక్క ప్రోటీనును వెన్నాడి చూచుట సాధ్యమయ్యెను. ఆ ప్రోటీనును గూర్చిన పరిశోధనకు 2008లో నోబెల్ బహుమానము వచ్చినది. మన హైదరాబాదులోని కణ, అణుజీవశాస్త్ర కేంద్రము వంటి సంస్థలలో ఈ సూక్ష్మదర్శినులు నేడు నిత్యోపకరణములు. పొలము పనులలో వరి ఆకు చీరుకొని కంటిలో బూజు జాతి సూక్ష్మజీవులు చేరినప్పుడు, కార్నియాను ముక్క తీయకుండనే దాని లోపలి పొరలలో ఆ బూజుపోగులను చూచుటకు సయితము ఇదే సూత్రముపై పనిచేయు యంత్రమును నేత్రవైద్యులు వాడుచున్నారు.

యంత్రమును గూర్చి ఎందరో వ్రాసియున్నారు. యంత్రము ప్రక్కన కంప్యూటరులో నుండి, ఆ చిత్రములను దాచి, వెదకి, కొలిచి, లెక్కించు సాఫ్ట్‌వేరును గూర్చి సామాన్యపాఠకులకు తెలిసినది స్వల్పము. నా మట్టుకు నాకు, ఈ నలుబది యేండ్లలో జీవశాస్త్రమునకు లభించిన ఉపకరణములలో దీనిని మించి మన గౌరవమునకు పాత్రమైనది అరుదుగ తోచును.

లేజరు కిరణముతో తడవుచు పోవు ఈ యంత్రమునందు, ప్రతి బిందువునొద్దను వచ్చిన వెలుతురును ఒక గ్రాహకము విద్యుత్తుగా మార్చును, ఆ విద్యుత్తును కంప్యూటరు ఒక సంఖ్యగా వ్రాసికొనును. అడ్డముగ 1024, నిలువుగ 1024 బిందువులున్న చిత్రమన్నచో పదిలక్షలకు పైబడిన సంఖ్యల పట్టిక యని యర్థము. ఎనిమిది బిట్లతో వ్రాసినచో ప్రతి సంఖ్యయు 0 మొదలు 255 వరకు, పండ్రెండు బిట్లతో వ్రాసినచో 0 మొదలు 4095 వరకు ఉండవచ్చును. ఆ పట్టికలో రంగు లేదు. పత్రికలలో మనము చూచి ముచ్చటపడు పచ్చని, ఎఱ్ఱని, నీలపు కణములకు ఆ వన్నెలను అద్దినది సాఫ్ట్‌వేరే. ఏ సంఖ్యకు ఏ రంగు వేయవలెనో చెప్పు చిన్నపట్టిక యొకటి దానియొద్ద నుండును, పరిశోధకుడు కోరినచో పచ్చని కణమును క్షణములో ఊదారంగునకు మార్చుకొనవచ్చును. ఎఱుపు ఆకుపచ్చలకు భేదము తెలియని దృష్టిలోపము పురుషులలో అరుదైనది కాదు గనుక, ఆ రెండింటిని కలిపి వేయక ఆకుపచ్చకు జతగా ముదురు గులాబిరంగును వాడుట మేలని నేడు పెక్కుమంది చెప్పుచున్నారు. రంగు మారినను క్రిందనున్న సంఖ్య మారదు. ఈ యొక్క సంగతి గ్రహించినవానికి తక్కిన దంతయు సులభముగ బోధపడును.

ఒక పొర చిత్రము, సంఖ్యకు రెండు బైట్ల చొప్పున, రెండు మెగాబైట్లగును. కణముల ముద్దను అట్టడుగునుండి పైవరకు యాబది పొరలుగా చూచి, మూడు రంగుద్రవ్యములను వేరువేరుగ తీసినచో నూటయాబది చిత్రములు, అనగా మూడువందల మెగాబైట్లు. ఆ కణములు విభజన చెందు తీరు చూడగోరి ఐదేసి నిమిషముల కొకమారు చొప్పున నూరుమార్లు తీసినచో, ఒక్క రాత్రిలో ముప్పది గిగాబైట్లు పోగగును. అది ఒక విద్యార్థి చేసిన ఒక ప్రయోగము మాత్రమే. అట్టి విద్యార్థులు పదిమంది యున్న ప్రయోగశాలలో రెండేండ్లు గడచు నప్పటికి, ‘కొత్తది’, ‘కొత్తది రెండు’, ‘చివరిది’, ‘అసలు చివరిది’ అను పేర్లతో నిండిన ఫైళ్ల నడుమ ఏ చిత్రము ఏ నమూనాదో, ఏ నాటిదో చెప్పగలవారు లేకపోవుదురు. తీసిన విద్యార్థి పట్టము పుచ్చుకొని వెడలిపోయిన పిమ్మట ఆ చిత్రములు ఉండియు లేనట్లే.

దీనికి తోడు మరియొక చిక్కు కలదు. జైస్, లైకా, నికాన్, ఒలింపస్ మొదలగు తయారీదారులు తమ తమ యంత్రముల చిత్రములను తమకు మాత్రమే తెలిసిన రీతిలో వ్రాయుచు వచ్చిరి. ఒకరి ఫైలును మరొకరి సాఫ్ట్‌వేరు చదువజాలదు. ఆ ఫైలులో చిత్రముతోపాటు ఏ కటకము వాడినది, లేజరు తరంగదైర్ఘ్య మెంత, సూదిబెజ్జపు వెడల్పెంత, పొరకును పొరకును నడుమ దూరమెంత, గ్రాహకమును ఎంత పెంచి పెట్టినది, ఒక్క బిందువు నిజమునకు ఎన్ని మైక్రాన్లకు సమానమో అను వివరములన్నియు ఉండును. వీనినే మెటాడేటా యందురు. తొందరలో ఆ ఫైలును మామూలు జేపెగ్ చిత్రముగా మార్చి దాచుకొన్న విద్యార్థి, చిత్రము మిగిలినదని సంతోషించును గాని, కణము వ్యాసము కొలువబోయిన దినమున కొలబద్దయే పోయినదని తెలిసికొనును. అంతేగాక, చోటు పొదుపు చేయుటకై జేపెగ్ పద్ధతి అంకెలను తనకు తోచినట్లు సవరించి యుండును గావున, కొలువదగిన వస్తువు కూడ చెడిపోయియుండును.

2000వ సంవత్సరమున స్కాట్లండులోని డండీ విశ్వవిద్యాలయమునకు చెందిన జేసన్ స్వెడ్లో, అమెరికాలోని పీటర్ సోర్జర్, ఇల్యా గోల్డ్‌బర్గ్ మొదలగువారు ఓపెన్ మైక్రోస్కోపీ ఎన్విరాన్‌మెంట్ అను ఉద్యమము నారంభించినది ఈ దురవస్థను తొలగించుటకే. వారి కృషివలన మూడు మేలైన వస్తువులు లభించినవి. తయారీదారుల ఫైళ్లు నూటయాబదికి పైబడిన రీతులలో నున్నను వానిని చదివి, లోపలి వివరములను ఒకే భాషలో చెప్పగల బయో-ఫార్మాట్స్ ఒకటి. ఎవరైనను వాడుకొనదగిన ఉమ్మడి ఫైలు రీతి ఒకటి. చిత్రముల కొక గ్రంథాలయముగా పనిచేయు ఓమెరో అను సాఫ్ట్‌వేరు ఒకటి. ఈ మూడవదానిని గూర్చి కొంచెము వివరింపవలెను. ఓమెరోలో చేర్చిన ఫైలు సర్వరునందు చేర్చినది చేర్చినట్లే నిలిచియుండును. పరిశోధకుడు తన బల్లయొద్ద కూర్చుండి దానిని తెరచి, కాంతిని పెంచినను, రంగు మార్చినను, కణము చుట్టు గీత గీసినను, ‘ఎలుక కాలేయము’ అని గుర్తు తగిలించినను, ఆ మార్పులన్నియు వేరుగ ఒక దత్తాంశనిధిలో వ్రాయబడునే గాని మూలచిత్రమును తాకవు. గురువు ఒక తీరున చూచుటకును, శిష్యుడు మరియొక తీరున చూచుటకును అవకాశముండును. ఎవరు ఎట్లు చూచినను మూలము ఒక్కటే. ఎవరు చూడవచ్చును, ఎవరు మార్చవచ్చును అను అధికారములను కూడ అందు నిర్ణయింపవచ్చును. నెలలు గడచిన పిమ్మట ఆ గుర్తుతో వెదకినచో ఆ చిత్రము దొరకును. మూలమును ముట్టకుండుట యను ఈ గుణమును నేను అన్నిటికంటె మిన్నగ ఎంచుదును.

దాచుట యైన పిమ్మట కొలుచుట. ఇందు ప్రథమముగ స్మరింపవలసినవాడు అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో పనిచేసిన వేన్ రాస్‌బాండ్. ఆయన 1987లో మకింటాష్ కంప్యూటరుకొరకు ఎన్ఐహెచ్ ఇమేజ్ అను సాఫ్ట్‌వేరును వ్రాసి, 1997లో ఏ కంప్యూటరు మీదనైనను నడచునట్లు జావా భాషలో ఇమేజ్‌జె అను దానిని వెలువరించెను. దానికి వెల పెట్టలేదు; దాని మూలమును ఎవరైనను చదువవచ్చును, ఎవరైనను దానికి కొత్త పనిముట్టును చేర్చవచ్చును. అట్లు ప్రపంచమంతటనుండి చేరిన పనిముట్లను క్రమముగ కూర్చినదే ఫీజీ అను రూపము. నేడు జీవశాస్త్ర ప్రయోగశాలలలో పెక్కుచోట్ల విద్యార్థి మొదట నేర్చునది ఇదియే.

ఫీజీలో ఒక కణచిత్రమును తెరచి, మౌసు బాణమును దానిమీద మెల్లగ కదల్చినచో, చిన్న కిటికీలో అడ్డము, నిలువు స్థానములతోపాటు ఆ బిందువు విలువ కూడ మారుచు కనబడును. చీకటిగ నున్నచోట 12, 15. కణకేంద్రకము మీదికి పోగానే 180, 210. ఇంకను కొంచెము జరిపినచో 255, మరల 255, మరల 255. ఇది ప్రమాదసూచన. అనగా ఆచోట వెలుతురు యంత్రము లెక్కింపగల మేరను దాటిపోయినది. నిజమైన విలువ ఎంతయో ఇక ఎవరికిని తెలియదు. దీనిని కనిపెట్టుటకు ఒక ప్రత్యేకమైన రంగులపట్టిక కలదు. దానిని ఎన్నుకొన్నంతనే గరిష్ఠమునకు తగిలిన బిందువులన్నియు ఎఱ్ఱగను, సున్నకు పడిపోయినవి నీలముగను మెరయును. అనుభవజ్ఞులు చిత్రము తీయకముందే యంత్రముప్రక్కన ఈ పరీక్ష చేసికొని, ఎఱుపు చుక్కలు మాయమగువరకు గ్రాహకపు పెంపును తగ్గించెదరు. ఇక కాంతిని సవరించు కిటికీని తెరచినచో, అందు జరుపదగిన మీటలు నాలుగుండును; వానిని ఎటు జరిపినను తెరమీది రూపము మాత్రమే మారును. కాని అదే కిటికీ అడుగున ‘అప్లై’ అను మీట యొకటి యున్నది. దానిని నొక్కి ఫైలును దాచినంతనే క్రిందనున్న సంఖ్యలే మారిపోవును. పైకి రెండు చిత్రములును ఒక్కటిగనే కనబడును, కాని ఒకటి కొలువదగినది, మరియొకటి కొలతకు పనికిరానిది. గురువులు తమ శిష్యులకు మొదటిదినముననే చెప్పవలసిన మాట యిది.

పొరలన్నిటిని పేర్చి ఘనరూపమును నిర్మించుట చూపరులకు మిక్కిలి రమ్యమైనది. దానికంటె సులభమైనది, పొరలన్నిటిలో ఒకే చోటనున్న బిందువులలో అత్యధికమైన విలువను మాత్రము ఏరి ఒకే చిత్రముగ చేయుట. ఇట్టి చిత్రములు అచ్చులో అందముగ నుండును గాని, పైపొరలోని వస్తువును అడుగుపొరలోని వస్తువును ఒకదానినొకటి అంటుకొనియున్నట్లు కనబరచును. అంతేగాక, వెలుతురు యొక్క తరంగస్వభావముచేత ఈ సూక్ష్మదర్శిని ప్రక్కలకు సుమారు 200 నానోమీటర్ల వరకు వేరుపరచి చూడగలిగినను, లోతునందు దానికి రెండు మూడు రెట్లు దూరమున్నగాని రెండింటిని వేరుచేయలేదు. అందువలన గుండ్రని వస్తువు నిలువున సాగి కోలగా కనబడును. ఈ చెదరుటను గణితముతో వెనుకకు మరలించు ప్రక్రియ డీకాన్వల్యూషన్. నూరు నానోమీటర్ల మెరయు పూస నొకదానిని చూచి, ఒక్క బిందువు ఈ యంత్రములో ఎంతగా, ఏ ఆకారమున చెదరునో తెలిసికొని, ఆ చెదరుటకు మూలమైన రూపమేదై యుండునో మరల మరల అంచనా కట్టుచు పోవుదురు. ఇందు ప్రసిద్ధమైన పద్ధతిని రిచర్డ్‌సన్ 1972లోను, లూసీ 1974లోను వేరువేరుగ ప్రకటించిరి. లూసీ నక్షత్రములను చూచువాడు, కణములను చూచువాడు కాడు. హబుల్ దూరదర్శిని అద్దము లోపముతో ఆకాశమునకు పోయినప్పుడు మసకబారిన దాని చిత్రములను చక్కదిద్దుటకు వాడినదియు ఈ గణితమే.

కణములను లెక్కింపవలెనన్నచో, ఏ బిందువు కణమునకు చెందినది, ఏది వెలుపలిది యని ముందుగ తేల్చవలెను. ఒక హద్దును పెట్టి, అంతకు మించినవన్నియు కణమనుట తొలి ఉపాయము. ఆ హద్దును మనిషి ఇష్టమునకు వదలక సంఖ్యల విస్తరణనుబట్టియే నిర్ణయించు పద్ధతిని జపానుకు చెందిన నొబుయుకి ఓత్సు 1979లో చెప్పెను. ఐనను ఒకదానినొకటి ఒరసికొనియున్న రెండు కేంద్రకములు ఈ పద్ధతిలో ఒక్కటిగ లెక్కకు వచ్చును. అచ్చట వాటర్‌షెడ్ అను ఉపాయము అక్కరకు వచ్చును. ప్రక్కప్రక్కనున్న రెండు కుంటలు వానకు నిండుచు నిండుచు, నీళ్లు ఏకము కాబోవు తరుణమున ఆ కలియుచోట గట్టు వేసిన ఎట్లుండునో, ఇదియు నట్లే: ప్రతి కేంద్రకము నడిమి భాగమును లోతైన గుంటగా భావించి, అడుగునుండి విలువలతో నింపుచు వచ్చి, రెండు నింపుడులును కలియుచోట గీత గీయును. ఇట్టి మెట్లను ఒకదాని వెంట నొకటి వరుసగ కూర్చి, వేలకొలది చిత్రములమీద మనిషి చేయి తగులకుండ నడపు సెల్‌ప్రొఫైలర్ అను సాఫ్ట్‌వేరును ఆన్ కార్పెంటరును ఆమె సహచరులును అమెరికాలో నిర్మించిరి. 2015లో జర్మనీలోని ఫ్రైబర్గునుండి వచ్చిన యు-నెట్ అను కృత్రిమ నాడీజాలముతో ఈ విద్య మరియొక మలుపు తిరిగెను. నిపుణులు చేతితో గీసిన హద్దులను చూచి నేర్చికొని, కొత్త చిత్రములో హద్దులను తానే గీయు స్టార్‌డిస్ట్, సెల్‌పోజ్ వంటివి నేడు ఉచితముగ దొరకుచున్నవి. మిన్‌స్కీ తరువాతి కాలమున కృత్రిమ మేధాశాస్త్రమునకు ఆద్యులలో ఒకడుగ కీర్తిగాంచెను. నాడీకణములను చూచుటకై ఆయన కల్పించిన యంత్రము చిత్రములను నేడు కృత్రిమ నాడీజాలములు చదువుచున్నవి.

ఐనను నేర్చిన యంత్రము నేర్చినంతవరకే చెప్పగలదు. ఎలుక కణములమీద నేర్చినది మొక్క కణములమీద తప్పటడుగు వేయవచ్చును. తప్పు చేసినప్పుడు కూడ అది నిస్సంశయముగనే గీత గీయును. కావున కొన్ని చిత్రములనైనను మనిషి తన కంటితో చూచి, చేతితో లెక్కించి, సరిచూచుకొనుట విడువరాదు.

కన్ను మోసపోవు చోటు మరియొకటి కలదు. ఒక ప్రోటీనును పచ్చగను, మరియొకదానిని ఎఱ్ఱగను చూపి, రెండింటిని కలిపినప్పుడు పసుపు కనబడినచోట అవి రెండును కలిసియున్నవని చెప్పుట వాడుక. ఒక రంగు కాంతిని కొంచెము పెంచినచో పసుపు ఎక్కువగును, తగ్గించినచో పోవును. మరియు ఒక రంగుద్రవ్యపు వెలుతురు కొంత రెండవదాని గ్రాహకములోనికి జారుటయు కద్దు. ఇందులకే రెండు చిత్రముల సంఖ్యల నడుమ నున్న సహసంబంధమును గణించు పియర్సన్ గుణకమును, ఒకదానిలో ఎంత భాగము రెండవదానితో కలిసియున్నదో చెప్పు మాండర్స్ గుణకములను సాఫ్ట్‌వేరు లెక్కించి యిచ్చును. సంఖ్య చెప్పిన దానికి కన్ను సాక్ష్యమిచ్చినచో నమ్మవచ్చును. కన్ను చెప్పినదానికి సంఖ్య సాక్ష్యమియ్యనిచో సందేహింపవలెను.

చిత్రమును మార్చుట ఇంత సులభమైనచోట, ఏది సవరణయో ఏది కల్పనయో నిర్ణయించు నియమములు అవసరమయ్యెను. 2004లో మైక్ రాస్నర్, కెన్నెత్ యమడా అనువారు జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీలో వ్రాసిన వ్యాసము ఈ విషయమున మార్గదర్శకమైనది: చిత్రమునంతటికి సమముగ చేసిన కాంతి సవరణను అంగీకరింపవచ్చును, ఒక మూలను మాత్రము చెరుపుట, దాచుట, పెంచుట తగదు. 2016లో ఎలిజబెత్ బిక్ తన సహచరులతో 20,621 పరిశోధన పత్రములను కన్నులతో పరిశీలించి, నూటికి 3.8 పత్రములలో ఒకే చిత్రము అనుచితముగ మరల వాడబడినట్లు తేల్చెను. వీనిలో కొన్ని కేవలము ఏమరుపాటుచేత జరిగినవే కావచ్చును. పేరులేని ఫైళ్ల గుంపులోనుండి ఒకదానికి మారుగ మరియొకదానిని ఎత్తుట ఎంత సులభమో ఇదివరకే చెప్పితిని. ఫీజీలో మనము నొక్కిన ప్రతి ఆజ్ఞను వరుసగ వ్రాసికొను సాధనమొకటి కలదు. ఆ వ్రాతను పత్రముతోపాటు ప్రకటించినచో, మూలచిత్రమునుండి తుదిఫలితము వరకు నడచిన దారిలో మరియొకరు మరల నడచి చూచుకొనవచ్చును. ప్రకటించు పత్రికలన్నియు మూలచిత్రములను, ఈ ఆజ్ఞల జాబితాను విధిగ కోరవలెనని నా దృఢమైన అభిప్రాయము.

కాన్‌ఫోకల్ సూక్ష్మదర్శిని వెల మన రూపాయలలో కోట్లు పలుకును. మన జిల్లాలలోని డిగ్రీ కళాశాలలకు అది అందుబాటులోనిది కాదు. కాని ఆ యంత్రములు తీసిన మూలచిత్రములను వివరములతో సహా లోకమునకు తెరచి పెట్టిన భాండాగారములు నేడు కలవు. డండీవారు ఐరోపా జీవసమాచార సంస్థతో కలిసి నడపు ఇమేజ్ డేటా రిసోర్స్, ఆ సంస్థయే నడపు బయోఇమేజ్ ఆర్కైవ్ అట్టివి. జీవశాస్త్రము బోధించు ఉపాధ్యాయులకు నా మనవి యిది: కళాశాలలోనున్న పాత కంప్యూటరులోనైనను ఫీజీని దింపుకొని, ఆ భాండాగారములనుండి ఒక చిత్రమును తెచ్చి, విద్యార్థులచేత కేంద్రకములను ముందు చేతితోను, పిమ్మట సాఫ్ట్‌వేరుతోను లెక్క పెట్టింపుడు, రెండు లెక్కలకును తేడా ఎచ్చట వచ్చినదో వారినే వెదకుమనుడు. సాఫ్ట్‌వేరునకు గాని, చిత్రములకు గాని రుసుము లేదు.